ఓడినోళ్ళు చింపాలె

మా క్వార్టర్స్‌ల జూదం లేకుండె. ఈ మాట మా కాలనీ సంఘం సెక్రటరీ అంకుల్ ఎంత గొప్పగ చెప్పుకునేటోడో! పంద్రాగస్టు నాడు మైక్ పట్టుకున్నడంటే అయిపాయె. "మన దగ్గర పేకాట లేదు, పందేలు లేవు, మన పిల్లలు బంగారం" అని మొదలుపెట్టి, మాకు పంచాల్సిన చాక్లెట్లు కరిగిపోయేదాంక వదలకపోయేటోడు. జూదం బంద్ చేసి దాని జాగల మా పోరగాండ్ల చేతికి ఏమిచ్చిండో ఆయనకు ఇప్పటికి గూడ తెల్వదు. తెలిసినా ఒప్పుకోడు. అసొంటి మనిషి.

క్వార్టర్స్ అంటే ఉప్పల్ నుంచి నాచారం పోయే తొవ్వల, ఒక సర్కారు పరిశోధన సంస్థవి. రోడ్డు దిక్కున్న ముందు వరుసల సైంటిస్టుల ఇండ్లు. ఇంటికో గేటు, గేటుకో మల్లె తీగ. ఎనక గోడకు ఆనుకొని మా లైను. డ్రైవర్లు, అటెండర్లు, మెస్‌ల వంటోళ్ళు ఉండేది అక్కడ. ఆ గోడ అవతల నాచారం కంపెనీలు. వాన పడ్డదంటే మందుల కంపెనీ వాసన మా అన్నం గిన్నెల దాంక వచ్చేది. మా నాయిన జనగామ దిక్కు నుంచి వచ్చి మొదట ఆ కంపెనీలల్లనే లోడింగ్ పని చేసిండంట. తర్వాత డ్రైవింగ్ నేర్చుకొని ఈ సంస్థల పర్మనెంట్ అయిండు. పర్మనెంట్ అన్న మాటను మా అమ్మ దేవుని పేరు తీసినట్టు మెల్లగ అనేది.

అప్పట్ల టీవీల ఒక జపాన్ కార్టూన్ వచ్చేది. వింత వింత జంతువులు కొట్టుకునుడే దాని కథ. దాని కార్డులు నాచారంల ఏ కిరాణం షాపుల చూసినా దండలు దండలుగ ఏలాడుతుండె. మెరిసే కవర్ల సన్న ప్యాకెట్లు. లోపట ఏ కార్డులున్నయో పైకెల్లి తెల్వదు, కవరు చింపినంకనే మన నసీబు. అందుకని కొనే ముంగట ఒత్తి చూస్తుంటిమి, చెవికాడ పెట్టి ఊపుతుంటిమి, ఎండకు పట్టి చూస్తుంటిమి. షాపాయనకు మండేది. "కొంటరా, పిసుకుతరా?" అని కసురుకునేటోడు. అవన్నీ డూప్లికేట్ అని మాకు ఎర్కే. ఒక జంతువు చెవులు ఇంకో జంతువు నెత్తిన అచ్చయి ఉండేటియి, రంగు వేళ్ళకు అంటుకునేది. అయినా సరే, మాకు అవే ప్రాణం.

ఆట మస్తు సులువు. ప్రతి కార్డు మీద ఒక అంకె ఉంటది, అది ఆ జంతువు బలం. ఇద్దరు ఎదురుబొదురు కూసొని చెరొక కార్డు బోర్లా పెట్టాలె, ఒక్కసారే తిప్పాలె. పెద్ద అంకె ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు, అవతలోళ్ళ కార్డు వాళ్ళకే. అంకె కింద ఇంకేవో అక్షరాలు అచ్చై ఉంటుండె. అవి మాకు ఎట్లైనా రావు, కాబట్టి లెక్కల లేవు. అందరు ఒప్పుకున్న కానూన్ అది.

ఒకనాడు ముందు వరుస పిలగాడు ఒకడు ఉన్న కార్డులన్నీ పోగొట్టుకొని ఇంటికి పోయి అన్నం ముట్టలేదంట. వాళ్ళమ్మ పోయి సెక్రటరీ అంకుల్‌కు చెప్పింది. ఆయన మమ్మల్ని కమ్యూనిటీ హాల్ మెట్ల మీద వరుసగ నిలబెట్టిండు. "గెలిచి ఇంకొకరి వస్తువు తీసుకోవడమే జూదం. గెలిచామన్న సంతోషం చాలదా మీకు? వస్తువు ఎందుకు?" అని అడిగిండు. మేం తలలూపినం. ఊపక ఏం చేస్తం?

ఇగ ఆట సప్పగ అయిపోయింది. గెలిస్తే ఏం లేదు, ఓడితే ఏం లేదు. అప్పుడు ముందు వరుసల ఉండే పెద్ద సార్ బిడ్డ ఒక ఉపాయం చెప్పింది. "తీసుకోవద్దు అన్నారు కదా, సరే. ఓడిపోయినవాళ్ళు వాళ్ళ కార్డు వాళ్ళే చింపేయాలి. అప్పుడు గెలిచినవాళ్ళకి ఏమీ రాదు. జూదం ఎలా అవుతుంది?" అన్నది. ఎంత తెలివి చూడు ఆ పిల్లకు! మేమందరం కలిసి అంకుల్ కాడికి పోయి పర్మిషన్ అడిగినం. ఆయన గడ్డం గోక్కున్నడు, ఆలోచన చేసిండు, "లాభం లేదు కాబట్టి తప్పు లేదు" అని తీర్పు చెప్పిండు. దొంగతనం వద్దన్న పెద్దమనిషి ఖూనీకి సంతకం పెట్టిండు. నాకు ఇప్పటికి గూడ దాని మీద నవ్వొస్తది.

అట్ల మొదలైంది మా చింపుడు. ఓడినోళ్ళు మెట్ల మధ్యల నిలబడాలె. కార్డును అందరికి ఒకసారి చూపియ్యాలె. తర్వాత నడిమిట్లకు చింపాలె, చింపిన ముక్కలను మళ్ళ చింపాలె. వేరేటోళ్ళు చింపితే చెల్లదు, సొంత చేతులతోనే చింపాలె. చిన్న పోరగాండ్లు ముక్కు చీదుకుంట చింపుతుంటే మాకు ఎంత మజా వచ్చేదో చెప్పలేను. ఇదివరకు కార్డు పోతే అవతలోళ్ళ జేబుల ఉన్నదన్న ఆశ ఉండేది, రేపు మళ్ళ గెలుసుకోవచ్చు. ఇప్పుడు మెట్ల మీద చెత్త తప్ప ఏం మిగలదు. పొద్దున ఊడ్వ వచ్చే ఆమె మా అందరి అమ్మలను, నాయినలను కలిపి తిట్టేది. సెక్రటరీ అంకుల్ మాత్రం వాకింగ్ చేసుకుంట మా దిక్కు చూసి, జూదం లేదని ఖుష్ అయ్యేటోడు.

పెద్ద సార్ బిడ్డ, నేను ఒకే క్లాసు. పెద్ద సార్ అంటే మా నాయిన ఎవరి కారు నడుపుతుండెనో ఆ సార్. ఆ పిల్ల నాకు జాన్ జిగ్రీ. స్కూల్ బస్సుల నా పక్కన తప్ప కూసోకపోయేది, నా జడ తనే అల్లేది. వాళ్ళింట్ల కూలర్ ముంగట ఇద్దరం బోర్లపడుకొని ఎన్ని ఎండాకాలాలు గడిపినమో. వాళ్ళ చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు మాత్రం నన్ను నడుమల నిలబెట్టి, "ఏదీ, 'ఇంటికి పోయి వచ్చాను' అను" అనేది. నేను "ఇంటికి పోయచ్చిన" అంటే అందరు కిందమీద పడి నవ్వేటోళ్ళు. "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అనేటోళ్ళు. నేను మళ్ళ చెప్పేదాన్ని. నవ్వించుడు గూడ ఒక గొప్పే అనుకున్న, ఏం చెయ్యాలె, దిమాక్ లేని వయసు.

ఒకసారి పెద్ద సార్ ఆఫీసు పని మీద జపాన్ పోయిండు. తిరిగొచ్చిన నాడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి తోలుకొచ్చింది మా నాయిననే. దిగేటప్పుడు సార్ బ్యాగుల చెయ్యి పెట్టి ఒక ప్యాకెట్ తీసి, "మీ అమ్మాయికివ్వు. మా పాపకి తెచ్చినప్పుడు ఇంకోటి కూడా కొన్నాను" అన్నడంట. మా నాయిన దాన్ని అంగీ జేబుల పెట్టుకొని, చెయ్యి అడ్డం పెట్టుకొని ఇంటికొచ్చిండు. ఆయన మొకం అంత వెలిగింది నేను పర్మనెంట్ ఆర్డర్ వచ్చిన నాడు గూడ చూడలే. "జపాన్ది బిడ్డా. అసలుది. ఇమానంల వచ్చింది" అన్నడు.

నేను గుంజుకొని చింపబోతే మా అమ్మ ఊకోలే. కొత్త వస్తువు ఇంట్లకు వస్తే దేవుని కాడ పెట్టకుండ ముట్టేది లేదు ఆమెకు. కీసర గుట్ట నుంచి తెచ్చిన కుంకుమ తీసి ప్యాకెట్ మూలకు బొట్టు పెట్టింది, మొక్కింది. జపాన్ జంతువులకు బొట్టు! మా నాయిన గూడ నవ్విండు. తర్వాత కత్తెర తెచ్చి, లోపట కార్డు తెగుతదేమోనని భయపడుకుంట పైపైన సన్నగ కత్తిరిచ్చిండు. లోపట అయిదు కార్డులు. నాలుగు మామూలుయి. అయిదోది మెరుపుది.

ఎట్ల చెప్పాలె? రెక్కలున్న తాబేలు బొమ్మ అది. జర వంచితే ఆకుపచ్చ, ఇంకింత వంచితే వంకాయ రంగు, రెక్కలు కదిలినట్టే అయితుండె. వేళ్ళకు రంగు అంటలే. అంచులు ఎంత నున్నగుండెనో! కింద అంతా జపాన్ అక్షరాలు, అంకెలు మాత్రం మనయే. ఆ అంకె రెండుసార్లు సదువుకున్న. మా క్వార్టర్స్ మొత్తంల అంత పెద్ద అంకె ఎవ్వరి కార్డు మీద లేదు.

మా నాయినకు ఆపుకోబుద్ధి కాలే. మరునాడు పొద్దున గేటు కాడ వాచ్‌మన్‌తోని, "మా బిడ్డకు వచ్చింది గసొంటిది. సార్ బిడ్డకు గూడ రాలేదంట" అని చెప్పిండు. వాచ్‌మన్‌కు చెప్పుడు, మైక్‌ల చెప్పుడు ఒకటే. పొద్దు వాలేవరకు ఆ మాట ముందు వరుసల ప్రతి గేటు దాటింది.

సార్ బిడ్డ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడు రానిది వచ్చింది. మా ఇంట్ల కుర్చీ లేదు, మంచం అంచున కూసుంది. కార్డు చేతుల పెట్టుకొని చానసేపు చూసింది. "బాగుంది" అన్నది, పోయింది. తెల్లారి వాళ్ళమ్మ నన్ను పిలిపిచ్చింది. ప్లేట్ల లడ్డు పెట్టి, నా నెత్తి నిమురుకుంట, "ప్యాకెట్లు మారిపోయాయమ్మా. మా ఆయన ఒకటి అనుకుని ఇంకోటి ఇచ్చేశారు. నీది పాప దగ్గరుంది, పాపది నీ దగ్గరుంది. తెచ్చి మార్చుకో, సరేనా బంగారం?" అన్నది. ఎంత తీపిగ చెప్పిందో! రెండు ప్యాకెట్లు ఒకే తీరు ఉంటే మారుడు ఏంది? చింపినంక మారినయని తెలిసిందా?

"నాకిచ్చిన దానికి మా అమ్మ బొట్టు పెట్టింది ఆంటీ. అది నాదే" అన్న.

ఆమె పకపక నవ్వింది. "బొట్టు పెడితే నీదైపోతుందా!" అన్నది. నవ్వుతనే ప్లేట్ లోపటికి తీస్కపోయింది. లడ్డు నేను సగమే కొరికిన.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ భయపడ్డది. "ఇచ్చెయ్యరాదే, పెద్దోళ్ళతోని మనకెందుకు?" అన్నది. మా నాయిన అన్నం తింటున్నడు. ముద్ద చేతులనే పెట్టుకొని, "ఎందుకియ్యాలె? సారే తన చేతులతోని ఇచ్చిండు. ఇచ్చినంక అది నా బిడ్డది. ఎవడడుగుతడో నేను జూస్త" అన్నడు. నేను ఎంత ఉబ్బిపోయిన్నో! మా నాయిన ముంగట ప్రపంచంల ఎవ్వడు నిలబడడు అనుకున్న. కార్డును లెక్కల పుస్తకంల పెట్టి, పుస్తకాన్ని దిండు కింద పెట్టుకొని పండుకున్న.

ఆ తర్వాత సార్ బిడ్డ బస్సుల వేరే పిల్ల పక్కన కూసుంది. నా జడ ఎవ్వరు అల్లలే. నాకు ఏడుపొచ్చింది గని కార్డు ఇచ్చేంత రాలే.

ఇతవారం సాయంత్రం మెట్ల మీద అందరం జమైనం. సెక్రటరీ అంకుల్ వాకింగ్ అయిపోయి అక్కడనే సిమెంట్ బెంచీ మీద చెమట తుడుసుకుంటుండె. జర అవతల చెట్టు నీడకు మా నాయిన ఆఫీసు కారు కడుగుతుండె. ఇతవారం గూడ కడగాలె, సోమవారం పొద్దున సార్‌కు తళతళ మెరవాలె. సార్ బిడ్డ వచ్చి సక్కగ నా ముంగట కూసుంది. "నీ మెరుపుది పెట్టు. నాది ఇది" అన్నది.

ఆమెది జపాన్ ప్యాకెట్ల వచ్చిన మామూలు కార్డే. బోర్లా పెట్టక ముందే నాకు చూపిచ్చింది. అంకె చిన్నది. నా తాబేలు ముంగట ఎందుకు పనికిరాదు. ఎవరన్న ఫలానా కార్డు అని పేరు పెట్టి పందెం అడిగితే ఆ కార్డే పెట్టాలె, లేకుంటే ఆ పొద్దు నుంచి ఆటల లేనట్టే. అదొక కానూన్. నేను లోలోపల నవ్వుకున్న. కోపంల దిమాక్ పనిచేస్తలేదు ఈ పోరికి, దానిది అదే చింపుకుంటది, నాకేంది అనుకున్న. ఉరికిపోయి కార్డు తెచ్చి పెట్టిన.

తిప్పినం. నాదే పెద్దది. అందరు "హే!" అన్నరు.

"చింపు" అన్న.

ఆమె చింపలే. నిదానంగ తన కార్డు కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి, "ఆగు. దీని మీద రాసుంది. మెరిసే కార్డు ఎదురుగా వస్తే ఆ మెరిసేదే ఓడిపోవాలి అని. చింపాల్సింది నువ్వే" అన్నది.

"అక్షరాలు లెక్కల లేవు గద!"

"రానప్పుడు లేవు. మా డాడీకి వచ్చు. డాడీ చదివి చెప్పారు."

లొల్లి మొదలైంది. సగం మంది అటు, సగం మంది ఇటు. సెక్రటరీ అంకుల్ లేచి చేతులూపిండు. "గొడవ వద్దు. సార్‌నే పిలుద్దాం. ఆయన చదివి చెప్తే అదే ఫైనల్. ఒప్పుకుంటారా?" అన్నడు. నేను అందరికంటే ముందు ఒప్పుకున్న. సార్ అంటే నాకు అంత నమ్మకం. ఎప్పుడు గొంతు లేపనోడు, నాకు జపాన్ నుంచి ప్యాకెట్ తెచ్చినోడు, దేశం మెచ్చిన సదువు సదివినోడు. ఆయన అబద్ధం చెప్తడా?

సార్ చెప్పులేసుకొని దిగొచ్చిండు. అంకుల్ సంగతి చెప్పిండు. సార్ బిడ్డ కార్డు అందిచ్చింది. ఆయన దాన్ని మొదట దూరం పట్టుకున్నడు, తర్వాత దగ్గరికి తెచ్చుకున్నడు, మళ్ళ దూరం పట్టుకున్నడు. కళ్ళద్దాలు ఆయన అంగీ జేబులనే ఉన్నయి. అద్దాల పుల్ల ఒకటి బయటికి ఏలాడుతుండె. నేను దాన్నే చూస్తున్న. ఆయన కార్డు వదిలి బిడ్డ మొకం చూసిండు. ఆమె పెదవులు బిగబట్టుకొని తండ్రి కండ్లల్లకే చూస్తుండె.

"అవును. అలాగే రాసుంది" అన్నడు సార్. కార్డు ఆమెకు వాపస్ ఇచ్చి తిరిగిండు.

నాకు అరికాలు నుంచి మంట లేసింది. "సార్, ఇంకోసారి సదువుండ్రి" అన్న. ఆయన ఆగిండు. "ఏ అక్షరం సార్? యాడున్నది? ఏలు పెట్టి సూపియ్యిండ్రి" అన్న. సెక్రటరీ అంకుల్‌కు మొకం ఎర్రబడ్డది. "ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అని గద్దిచ్చిండు. సార్ చెయ్యి మెల్లగ జేబు దిక్కు లేసింది.

గప్పుడే మా నాయిన వచ్చిండు. తడి చేతులు ప్యాంటుకు తుడుసుకుంట, గుంపు నడుమలకు వచ్చి నా ముంగట నిలబడ్డడు. అమ్మయ్య అనుకున్న. నిజంగ అట్లనే అనుకున్న. ఇగ చూస్కో అని సార్ బిడ్డ దిక్కు చూసిన గూడ.

"సార్ సదివిండు గద బిడ్డా. చింపు" అన్నడు మా నాయిన.

నేను కార్డును ఛాతికి కరుసుకున్న. "చింప" అన్న. ఆయన రెండోసారి చెప్పలే. నా వేళ్ళు ఒక్కొక్కటి ఇడిపిచ్చి కార్డు తీసుకున్నడు. సొంత చేతులతోనే చింపాలె, వేరేటోళ్ళు చింపితే చెల్లదు అని ఎవ్వడన్న అంటడేమో అని చూసిన. ఒక్కడు అనలే. అన్ని కానూన్లు యాద్ పెట్టుకునే పోరగాండ్లకు ఆ ఒక్క కానూన్ యాద్‌కు రాలే.

డూప్లికేట్ కార్డైతే కాయిదం లెక్క చినిగిపోతది. అసలుది చినగలే. మా నాయిన వంచిండు, తాబేలు నడుమలకు తెల్ల గీత పడ్డది గని చినగలే. అటు వంచిండు, ఇటు వంచిండు. చేతులు తడి, జారుతుండె. స్టీరింగ్ తిప్పే చేతులు అవి, బస్తాలు మోసిన చేతులు, ఒక పిల్లల కార్డును చింపలేకపోతుండె. ఎవడో కిసుక్కున నవ్విండు. అప్పుడు అంచుకు పండ్లు పెట్టి కొరికి, అక్కడికెల్లి గుంజిండు. మెరిసే పొర వేరు, కింది అట్ట వేరు అయి పీలికలు పీలికలుగ వచ్చింది. మళ్ళ మడిచి మళ్ళ చింపిండు. పద్ధతి ప్రకారం.

"అయ్యో, పోనీలే. ఈసారి వెళ్ళినప్పుడు నీకు ఇంకోటి తెస్తానమ్మా" అన్నడు సార్. ఆయన చెయ్యి కిందికి దిగిపోయింది.

"థాంక్స్ జెప్పు సార్‌కు" అన్నడు మా నాయిన.

"థాంక్స్ సార్" అన్న.

అంతటితోనన్న అయిపోయిందా? సార్ బిడ్డ మెట్ల మీద పడ్డ ముక్కల దిక్కు చూసి, "రెక్క ముక్క నాకివ్వవా? మెరుస్తోంది. బుక్‌లో పెట్టుకుంటా" అన్నది. ఎగతాళికి గాదు, నిజంగనే ముచ్చటపడి అడిగింది. పగకైతే ఒక లెక్కుంటది, దీనికి ఏం పేరు పెట్టాలె? నేను కదలలే. మా నాయిన వంగి, మెట్టు మీది పీలికలల్ల వెతికి, మెరిసే ముక్క ఏరి, దుమ్ము ఊది, ఆమె అరచేతుల పెట్టిండు. "తీసుకో పాపా" అన్నడు.

చానేండ్లకు పోచారంల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీల నాకు నౌకరి దొరికింది. అక్కడ ఇంత ఇంత జీతాలోళ్ళు జపాన్ ప్యాకెట్లు తెప్పిచ్చుకొని లంచ్ టైమ్ల టేబుల్ మీద పరిచి ఆడుతరు. చింపే ముంగట ఫోన్ల వీడియో తీసుకుంటరు. ఇయ్యాల రేపు ఆ అక్షరాలకు ఇంగ్లీషు అర్థాలు గూడ ఫోన్లనే వస్తయి. నన్ను పిలుస్తరు. నాకు ఆ ఆట రాదని చెప్త.

కార్డు చింపిన ఆ సాయంత్రం మా నాయిన, నేను ఎనక లైనుకు నడిసిపోతున్నం. ఆయన చేతుల ఖాళీ బకెట్, భుజం మీద తడి బట్ట. నేను రెండడుగులు ఎనక. ఏడవలే. ఏడుస్తే వాళ్ళకు ఇనవచ్చే దూరంలనే ఉన్నం. గోడ కాడికి వచ్చినంక ఆగిన.

"సార్ అద్దాలు పెట్టుకోలే" అన్న. "జేబులనే ఉన్నయి. ఆయన ఏం సదవలే."

"సూసిన" అన్నడు మా నాయిన.

నాకు అర్థం కాలే. చూడలేదేమో, తెల్వక చింపిండేమో అని నడిసినంత దూరం మనసుల ఆయన తరఫున నేనే మాట్లాడుకుంట వచ్చిన. అది గూడ గుంజుకున్నడు.

"అద్దాల్లేకుంటే ఆయనకు సెక్ మీద సంతకం గూడ కనిపియ్యది. నాకెర్కలేదా?" అన్నడు. బకెట్ కింద పెట్టిండు. "అద్దాలున్నా ఆయనకు ఆ బాస రాదు. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేటప్పుడు కార్ల జెప్పిండు. ఒక్క అక్షరం రాక, అన్నం గూడ బొమ్మల మీద ఏలు వెట్టి సూపిచ్చి తిన్ననని నవ్విండు."

"ఎరికుండి గూడ చింపినవా?"

"ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది, సూడలేదా నువ్వు? అద్దాలు పెట్టుకొని మళ్ళ సదువాల్సి వస్తుండె. నువ్వేమో ఏలు పెట్టి సూపియ్యమంటివి. ఏం సూపిస్తడు? అందరి ముంగట, పిల్లల ముంగట, ఆ పెద్దమనిషి ఇజ్జత్ పోతుండె." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతుల నిజమైన భయముండె. సార్‌ను ఏదో ఆక్సిడెంట్ నుంచి తప్పిచ్చినట్టు చెప్పిండు.

"మరి నా ఇజ్జత్?" అని అడిగిన. గట్టిగనే అడిగిన, గోడ అవతల కంపెనీ వాచ్‌మన్ తొంగి చూసిండు.

మా నాయిన నా దిక్కు చూసిండు. కోపం లేదు, సిగ్గు లేదు. నేను ఇంత చిన్న సంగతి ఎందుకు అడుగుతున్ననో అర్థం కానట్టు చూసిండు.

"నువ్వు నా బిడ్డవు గదనే" అన్నడు. బకెట్ ఎత్తుకొని ఇంట్లకు నడిసిండు.